తేల్చుకోలేకపోతే ఎన్ అనండి

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
రెండు అంకెలు కలిసే మూల మీద
జిరాక్సు షాపు పైన మా గది.
రాత్రి పదకొండున్నర.
నీలం తెర మీద కెర్నల్ అడుగుతోంది:
వై యా, ఎన్ నా, ఎమ్మా?
ఎం అంటే ఇప్పుడే కాదు,
పిలిచినప్పుడు వస్తానని.
ఎంటెక్ వైవాలో కూడా నన్నెవరూ ఇన్ని అడగలేదు.

పరీక్షల వరుస కోసం వెతికాను. లేదు.
అరగంటకి తెలిసింది,
అది దేని మీద ఆధారపడిందో దానికి ముందు అవును అనాలి.
అందాకా బూడిదరంగులో కూడా కనిపించదు.
అడగని చోట ప్రశ్నే లేదనుకున్నాను
ఇన్నాళ్ళూ.

"అన్ని పరీక్షలూ" అని ఒక గడి.
ఆశపడి వై నొక్కాను.
అన్నీ అంటే అన్నీ కాదట,
ఇప్పటికే ఎంచుకున్న వాటికి సంబంధించినవే అన్నీ.
ఊరంతా భోజనానికొచ్చారు అంటాం చూడండి,
పిలిచినవాళ్ళు వచ్చారని. అలాగ.

కిందటి ఏప్రిల్లో
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో మా డబ్బా బిగించాం.
మూడో గదిలో ఓ తెల్లవారుజామున
చలి సున్నా దాటి అర డిగ్రీ కిందికి దిగింది.
మైనస్ గుర్తు మోసే బిట్టుని
నా డ్రైవరు మామూలు అంకెలో కలిపేసి
రెండువందల యాభై అయిదున్నర డిగ్రీలు అని చెప్పింది.
కంప్రెసరు నమ్మింది. దాని పనే నమ్మడం.
గది మండిపోతోందనుకుని
ఇంకా ఇంకా చల్లబరిచింది.

పసిగట్టింది యల్లమంద.
తెర చూసి కాదు, టిక్కీ మీద అరచెయ్యి పెట్టి.
"అమ్మా, మీ పెట్టె జొరమొచ్చి కలవరిస్తంది,
సరుకు చూస్తే గడ్డకట్టుకుపోతంది."
నలభై టిక్కీల తేజ, మెత్తబడింది.

అతను అంతకుముందు యార్డులో మచ్చు తీసేవాడు.
కుట్టు పక్కన కోసి, పిడికెడు లాగి,
ఒక్క కాయ చెవి దగ్గర ఆడించి
గింజ పలికే తీరుని బట్టి తడి చెప్పేవాడు.
లారీ అంతా విప్పక్కర్లేదు.
ఈ రాత్రి నేను చేస్తున్నదీ అదే
అని రాయబోయి ఆగాను.
అదే కాదు.
అతని చేతికి తెలియని కాయ వస్తుంది.
నా చేతికి, నేను ముందే ఊహించిన కాయే.

మొదటి పరీక్ష, ఇరవై ఐదు: ఓకే.
రెండోది, సున్నా: ఓకే.
మూడోది, మైనస్ అర:
నాట్ ఓకే.
రావలసింది ఇది, వచ్చింది ఇది అని
ఎర్రగా, కోపం లేకుండా చెప్పింది
నా ల్యాప్‌టాప్ లోపల యంత్రంలా నటిస్తున్న
ఉత్తుత్తి యంత్రం.
ఏ గదీ చల్లబడలేదు, ఏ కాయా మెత్తబడలేదు.
ఏడాది ఆలస్యంగా అదే తప్పు
ఎవరికీ నష్టం లేకుండా మళ్ళీ జరిగింది.
కళ్ళు తుడుచుకుని
ఒక్క వరుస మార్చాను. మూడూ ఓకే.

బయటికి వెళ్ళే డబ్బాకి కాన్ఫిగ్ ఫైలు వేరు.
పరీక్షల గడి దగ్గర సహాయం నొక్కితే
చివరి వాక్యం, ఎప్పటిలాగే:
తేల్చుకోలేకపోతే ఎన్ అనండి.
ఎన్ అన్నాను.
మచ్చు తీసినవాణ్ణి టిక్కీలో పెట్టి కుట్టరుగా.

శనివారం బిగిస్తుంటే యల్లమంద అడిగాడు,
"ఆ పరీచ్చ పెట్టేవోడు లోపలుంటాడా?"
ఉండడు, మా గదిలోనే ఉంటాడన్నాను.
"మరి లోపల ఎవరుంటారు?"
డ్రైవరు.
అతను పెట్టె వంక చూశాడు.
తెర మీద నాలుగు డిగ్రీలు చూశాడు.
ఎందుకైనా మంచిదని
దగ్గర్లో ఉన్న టిక్కీ మీద చెయ్యేసి
కాసేపు అలాగే ఉంచాడు.
పక్కన నేనూ వేశాను.
నాకు చల్లగా ఉందని మాత్రమే తెలిసింది.